ఇంటికి ఏ కంప్యూటరు?

(గ్రంథాలయ రజతోత్సవ సభలో గావించిన ఉపన్యాసము)



రజతోత్సవ సభలలో పుస్తకమును గూర్చి పలుకుట ఆచారము. కార్యదర్శిగారు మాత్రము నన్ను కంప్యూటరును గూర్చి చెప్పుమనిరి. అందులకు కారణమును కూడ వారే తెలిపిరి. ఈ గ్రామమున ఏ యింటి బిడ్డ యింజనీరింగు కళాశాలలో చేరినను, ఏ రైతు రొయ్యల గుంటల లెక్కలు సరిగా వ్రాసికొనవలెనని తలచినను, "ఏ కంప్యూటరు కొనవలెను?" అను ప్రశ్న తుదకు ఈ గ్రంథాలయపు అరుగు మీదికే వచ్చుచున్నదట. పైగా గ్రంథాలయమే ఇప్పుడొక యంత్రమును కొనవలసియున్నది. ఒక కారు రొయ్యలపై మిగిలిన సొమ్ములో సగము, లేదా ఒక తల్లి చీటి కట్టి కూడబెట్టినదంతయు ఈ వస్తువు మీద పోవుచున్నది. కాబట్టి విషయము చిన్నదికాదు.

ఏది కొనవలెనో చెప్పుటకు ముందు, జనులు ఒకదానిని విడిచి మరియొకదానిని ఏల కొనుచున్నారో విచారించుట మేలు. ప్రకటనలు చూచినచో వేగము, జ్ఞాపకశక్తి, తెర వెడల్పు మున్నగు వానిని సరిపోల్చి కొనువాడే వివేకి యని తోచును. చరిత్ర చూచినచో అట్లు కొన్నవారు బహు కొద్దిమంది. చాలమంది చూచినది ఆ యంత్రము చుట్టునున్న మనుష్యులను. దానిని ఎవరు బాగుచేయుదురు, దానిలో ఎవరి పని మనకు పనికివచ్చును, మన పని ఎవరికి అందును అని వారు చూచిరి. ఈ చూపును అవివేకమని నేననను. దాని మంచిచెడ్డలు రెండును చెప్పెదను.

1977వ సంవత్సరమున అమెరికాలో మూడు యంత్రములు ఇంచుమించు ఒక్కసారిగా అంగడికెక్కినవి. అవి ఆపిల్ 2, కమొడోర్ పెట్, టి.ఆర్.ఎస్. 80. ఇంటిలో పెట్టుకొనదగిన కంప్యూటరు అను మాటకు అర్థము వచ్చినది వీనితోనే. టి.ఆర్.ఎస్. 80ని అమ్మిన టాండీ సంస్థకు రేడియో షాక్ అను పేర దేశమంతట వేలకొలది దుకాణములుండెను. తమ ఊరి దుకాణమున కంటికి కనబడునది, చెడినపుడు అచ్చటికే తీసికొనిపోదగినది అను కారణము చాలమందికి చాలినది. ఆపిల్ 2 వెల హెచ్చు. అయినను 1979లో విసికాల్క్ అను లెక్కల పట్టిక మొట్టమొదట దానికే వచ్చినది. ఒక్క ధర మార్చిన క్రింది మొత్తములన్నియు తమంతట తామే మారెడివి. రాత్రులు కూర్చుండి పద్దులు కొట్టివేసి తిరిగి వ్రాసికొను వర్తకునికి అది యెట్టి వరమో మీలో చిట్టా ఆవర్జాలు వ్రాసినవారు ఊహింపగలరు. ఆ పట్టిక కొరకే జనులు ఆ యంత్రమును కొనిరి. నాడా దొరికినదని గుఱ్ఱమును కొనువానిని చూచి మనము నవ్వుదుము. ఇచ్చట నాడా కొరకు గుఱ్ఱమును కొనుటయే తెలివి యైనది.

ఇంగ్లండులో మరియొక వింత జరిగినది. అచ్చటి బి.బి.సి. సంస్థ కంప్యూటరు విద్యను వ్యాపింపజేయ సంకల్పించి, ఏకార్న్ అను సంస్థచే బి.బి.సి. మైక్రో అను యంత్రమును చేయించినది. పాఠశాలలు దానిని తీసికొన్నవి. దాని మేలు రకము వెల 399 పౌనులు. 1982లో సింక్లెయిర్ వారి స్పెక్ట్రమ్ 125 పౌనులకే వచ్చినది. బడిలో నున్నది ఇంటనుండిన బిడ్డ చదువునకు మంచిదని తలచిన తండ్రి మొదటిది కొనెను. వెలకు జంకినవాడు రెండవది కొనెను. పిల్లలు తమ స్నేహితుని యింట నున్నదానినే కోరిరి. ఆటలన్నియు కేసెట్లపై నుండెను గనుక, ఒకని కేసెట్టు మరియొకని యంత్రమున పనిచేయవలెనన్న ఇద్దరిదియు ఒకే జాతి యంత్రము కావలెను గదా!

ఇక 1981 ఆగస్టున వచ్చిన ఐ.బి.ఎం. పి.సి. సంగతి. ఆ సంస్థ త్వరపడి, ముఖ్యభాగములను బయటివారి యొద్ద కొని కూర్చినది. మెదడువంటి చిప్పు ఇంటెల్ వారిది. యంత్రమును నడపు ప్రోగ్రాము మైక్రోసాఫ్ట్ వారిది. ఆ భాగములనే కొని అటువంటి యంత్రమునే చేయుటకు ఇతరులకు దారి దొరికినది. కొన్నియేండ్లలో ఊరూర దాని పోలిక యంత్రములే. వానికన్న బొమ్మలను, ధ్వనిని ఎంతో చక్కగా పలికించిన అమిగా 1985లో వచ్చినను, దానిని అమ్మిన కమొడోర్ సంస్థ 1994లో దివాలా తీసినది. యంత్రము మంచిదే, చుట్టములు లేక చెడినది.

మన దేశమున కథ వేరు. హైదరాబాదులో 1967లో స్థాపింపబడిన ఇ.సి.ఐ.ఎల్. 1969లోనే టి.డి.సి. 12 అను కంప్యూటరును నిర్మించినది. అది ప్రయోగశాలలకు, కార్యాలయములకు గాని గృహస్థునకు గాదు. 1984లో కేంద్ర ప్రభుత్వము క్లాస్ అను పథకము క్రింద సుమారు 250 పాఠశాలలలో పైన చెప్పిన బి.బి.సి. మైక్రోలనే ప్రవేశపెట్టినది. ఇంగ్లండులో వలె బడిని చూచి ఇండ్లు దానిని కొనలేదు. కొన దొరకినగదా! దిగుమతి సుంకము యంత్రము వెలను మించియుండిన దినములవి. అదే సంవత్సరము నవంబరులో శేషగిరి గారు రూపొందించిన నూతన కంప్యూటరు విధానము వచ్చి సుంకములు తగ్గినవి. మన మధ్యతరగతి యిండ్లలో కంప్యూటరు నిజముగ అడుగుపెట్టినది 1990 తరువాతనే. అప్పటికి విదేశములలోని పోరు ముగిసినది. మనకు చేరినది గెలిచిన జాతి యొక్కటే.

అట్లయినను మనవారికి ఎంచుకొనవలసిన పని తప్పలేదు. కంపెనీ పెట్టెయా, కూర్చిన పెట్టెయా? దీనినే మనము 'అసెంబుల్డు' అనుచుంటిమి. నెల్లూరు నుండి మద్రాసు 175 కిలోమీటర్ల దూరము. తెల్లవారుజామున రైలెక్కి, మౌంటురోడ్డు చెంత నుండు రిచీ వీధికి పోయి, బోర్డు ఒక అంగడిలో, తెర మరియొక అంగడిలో, మీటలపలక వేరొకచోట కొని, అట్టపెట్టెలు ఒడిలో పెట్టుకొని రాత్రి బండికి దిగిన యువకులు ఈ జిల్లాలో ఎందరో! గుంటూరు, కృష్ణా జిల్లాలవారికి సికింద్రాబాదులోని చెనాయ్ ట్రేడ్ సెంటరు ఎట్లో, మనకు రిచీ వీధి అట్లు. కంపెనీ పెట్టెకన్న వెల తక్కువ యగుట ఒక కారణమే. దానికన్న పెద్ద కారణము, కూర్చిన కుఱ్ఱవాడు ఎదురుగ నుండుట. ట్రంకురోడ్డు దుకాణములో బేరమాడు పెద్దమనిషి చిప్పు వేగమును అడుగడు. "చెడిపోతే ఈడ ఎవురు బాగు చేస్తారబ్బయ్యా?" అని అడుగును. నా దృష్టిలో కంప్యూటరు శాస్త్రమున ఇంతకన్న మంచి ప్రశ్న లేదు.

మన రేవులలో చూడుడు. తెప్పలు తగ్గి, 2004 డిసెంబరు 26 నాటి సునామీ తరువాత ఫైబరు పడవలు పెరిగినవి. పడవకు ఇంజను కొనువాడు, తన రేవున మేస్త్రీకి చేయి తిరిగినది ఏదో, విడిభాగము పొద్దుగూకులోగా దొరకునది ఏదో విచారించి కొనును. నడిసముద్రమున ఇంజను ఆగినపుడు పక్కపడవవాని యొద్దనున్న భాగము తనదానికి సరిపోవలెను. ఎంత గొప్ప ఇంజనైనను రేవు మొత్తమున ఒక్కటే యుండిన, అది గొప్పదైన కొలది ప్రమాదమే.

ఇచ్చటనే లినక్సు సంగతి చెప్పవలెను. ఇది 1991లో పుట్టి, ప్రపంచమందలి ప్రోగ్రాముకర్తలు కలిసి పెంచిన ప్రోగ్రాము. వెల లేదు, నకలు తీసికొనుట నేరము కాదు. వెల లేనిది గెలువక వెలగల విండోస్ ఏల గెలిచినది? మన ఊళ్లలో విండోస్‌నకు కూడ ఎవరును వెల చెల్లింపలేదు గనుక! కూర్చినవాడే దొంగప్రతిని ఎక్కించి యిచ్చెడివాడు. ఉచితమునకు పోటీగా మరియొక ఉచితము నిలిచినది. అట్టిచో పదిమందికి తెలిసినదే గెలుచును. కేరళలో దీనికి ప్రతిగా జరిగినది. 2001లో ప్రారంభమైన ఐ.టి. ఎట్ స్కూల్ అను పథకము క్రింద ప్రభుత్వ పాఠశాలలు క్రమముగ లినక్సునకు మారినవి. ఉపాధ్యాయులు నేర్చిరి, పిల్లలు నేర్చిరి. అచ్చట సందేహము తీర్చు మనిషి ప్రతి ఊర నున్నాడు. యంత్రములు అవే, మారినది ఇరుగుపొరుగు.

మరికొన్ని యిండ్లలో ఎంపిక ఈ ఊర జరుగుటయే లేదు. కుమారుడు డాలసులోనో ఫ్రీమాంటులోనో ఉండును. అతడు వాడునది ఆపిల్ యంత్రము. మనుమరాలి మొగము చూపుటకు ఫేస్‌టైమ్ కలదు. అది చిరకాలము ఆ సంస్థ యంత్రముల మధ్యనే పనిచేసినది. కాబట్టి అతడు సెలవులకు వచ్చుచు తల్లికొక ఐప్యాడు తెచ్చును. ఆమె ఎంచుకొన్నది యంత్రమును కాదు, మనుమరాలిని. దీనిని తప్పుపట్టుటకు మనమెవరము?

ఇప్పుడు మన తీరమునకే చెందిన రెండు మాటలు. మొదటిది గాలి. ఈ ఊర గొళ్లెములు, కిటికీ చువ్వలు ఎన్నాళ్లు నిలుచునో మీరెరుగుదురు. ఉప్పు గాలిలోని తేమను పీల్చుకొని లోహమును తినివేయును. కంప్యూటరు లోని వేడిని పోగొట్టు పంకా ఆ గాలినే నిరంతరము లోపలికి లాగుచుండును. కొన్నాళ్లకు యంత్రము ఉన్నట్టుండి మేలుకొనదు. చాలసార్లు చెడినది ఏమియు నుండదు. జ్ఞాపకపు పలక అంచులకు మకిలి పట్టి యుండును. మేస్త్రీ దానిని ఊడదీసి, పిల్లలు వాడు పెన్సిలు రబ్బరుతో సున్నితముగ రుద్ది, మరల గ్రుచ్చిన పనిచేయును. బల్లమీది పెద్దపెట్టెలో ఇది పది నిమిషముల పని. అతిపలుచని ల్యాప్‌టాపులలో ఆ పలకను బోర్డునకే అతికివేయుచున్నారు. రుద్దుటకు చోటు లేదు. సముద్రము నుండి రెండు మైళ్లలో నుండువానికి విప్పదగిన యంత్రము వేగముగల యంత్రముకన్న మేలని నా అభిప్రాయము. ఏది కొన్నను తూర్పు కిటికీ ప్రక్క పెట్టకుడు. వారముల తరబడి కప్పి యుంచకుడు. పనిచేయు యంత్రపు వెచ్చదనమే దానిలోని తేమను ఆర్పును.

రెండవది కరెంటు. రాత్రివేళ గుంటలపై ఏరియేటర్లన్నియు తిరుగుచుండ వోల్టేజి ఎట్లు క్రుంగునో చెప్పనక్కరలేదు. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుపాను బాపట్ల చెంత తీరము దాటినది. దానికి ముందు మన జిల్లాను వానలు ముంచినవి. అటువంటి దినములలో ల్యాప్‌టాపు తన బ్యాటరీతో కొన్ని గంటలు నిలుచును. పెద్దపెట్టెకు యు.పి.ఎస్. పెట్టినను, చేయుచున్న పనిని భద్రపరచి ఆపుటకు చాలినంత వ్యవధియే దొరకును. కాబట్టి గాలి ఒకదానిని కొనుమనును, కరెంటు మరియొకదానిని కొనుమనును. ఇంజనీరింగు చదువు బిడ్డకు ల్యాప్‌టాపు తప్పదు. హాస్టలుకు మోసికొనిపోవలెను గదా. కళాశాలలో పై తరగతుల పిల్లలు వాడునది ఏదో కనుగొని, విప్పి జ్ఞాపకము పెంచుకొన వీలున్న దానిని కొనుడు. చీటి పాడి, వాయిదాల మీద పేరుకొరకు కొనుట నాకు సమ్మతము కాదు. రొయ్యల లెక్కలకు చేతిలోని ఫోనే చాలును. 2016లో జియో వచ్చిన పిదప మన ఊళ్లలో పెక్కు యిండ్లకు ఇంటి కంప్యూటరు అదియే.

ఇంతవరకు ఇండ్ల సంగతి. గ్రంథాలయము సంగతి వేరు. ఇచ్చట ప్రశ్న అక్షరములది.

కంప్యూటరులో తెలుగు వచ్చిన తొలి దినములలో ప్రతి ఫాంటు చేసినవాడును తన యిష్టము వచ్చిన సంకేతములు పెట్టుకొనెను. ఇంగ్లీషు అక్షరముల స్థానములలో తెలుగు ముక్కలను కూర్చెను: ఒకచోట తలకట్టు, ఒకచోట కొమ్ము, ఒకచోట వత్తు. అను ఫాంటులు పేజీమేకరుతో కలిసి మన అచ్చుకూటములను ఏలినవి. పెండ్లి శుభలేఖ మొదలు సంచికల వరకు వానిలోనే కూర్చబడినవి. ఇంట తెలుగు కూర్చుచు నాలుగు రూకలు సంపాదింప దలచినవాడు విండోస్ యంత్రమునే కొనెను. నెల్లూరి అచ్చుకూటమున నున్నది అదియే. ఆ యెంపిక ఆనాటికి యుక్తమే. దాని మూల్యము తరువాత తెలిసినది. ఆ ఫాంటు లేని యంత్రమున ఆ వ్రాతను తెరచినచో తెలుగునకు మారుగా అర్థములేని ఇంగ్లీషు అక్షరములు, గుర్తులు కనబడును. వెదకిన దొరకదు, ఒక యంత్రము నుండి మరియొక యంత్రమునకు పోదు. పేజీమేకరు చివరి కూర్పు 2001లో వచ్చినది. పిదప దానిని చేసినవారే విడిచిపెట్టిరి.

మరియొక దారి ఆనాడే మొదలైనది. 1991లో వెలువడిన యూనికోడ్ తొలి కూర్పులోనే తెలుగునకు 128 స్థానములు ప్రత్యేకించిరి. ప్రతి తెలుగు అక్షరమునకు ప్రపంచమంతట ఒకే సంఖ్య. అమెరికాలోని రైస్ విశ్వవిద్యాలయమున చదువుకొనుచుండిన మన విద్యార్థులు, ఇంగ్లీషు మీటలతో తెలుగు వ్రాయు ఆర్.టి.ఎస్. పద్ధతిని కల్పించిరి. 2001లో విండోస్ ఎక్స్‌పితో గౌతమి అను తెలుగు ఫాంటు వచ్చినది. తిరుమల కృష్ణ దేశికాచార్యులవారు పోతన, వేమన అను ఫాంటులను రూపొందించి ఉచితముగ నిచ్చిరి. ఆపిల్ మాక్ యంత్రములకు స్వతస్సిద్ధముగ తెలుగు వచ్చుటకు 2011 వరకు వేచియుండవలసి వచ్చినది. అంతవరకు తెలుగు వ్రాయువాడు మాక్‌ను కొనకుండుటకు ఇది యొక్కటే చాలిన కారణము. పిదప ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము, సిలికానాంధ్ర సంస్థ కలిసి మరికొన్ని ఫాంటులను ఉచితముగ వెలువరించినవి. వానిలో గిడుగు పేర ఒకటి, సురవరము పేర ఒకటి కలవు. గ్రంథాలయమున వాడుటకు ఇంతకన్న తగిన పేర్లుండునా?

ఒక తమాషా చెప్పి ముందునకు పోదును. 2018 ఫిబ్రవరిలో, తెలుగు 'జ్ఞా' అను అక్షరమును ఒకానొక విధముగ కూర్చి పంపినచో, దానిని చూపబోయిన ఐఫోనులలో సందేశముల ప్రోగ్రాములు కుప్పకూలినవి. లోకమంతట గగ్గోలు పుట్టినది. ఆ నెల 19వ తేదీన సవరణ వెలువడినది. కోట్ల ఖరీదుగల సంస్థ మన జ్ఞానము బరువు మోయలేకపోయినదని ఆనాడు తెలుగువారు నవ్వుకొనిరి. నేను దానినుండి గ్రహించినది వేరు. మన అక్షరములను పరీక్షించువారు అచ్చట చాలినంతమంది లేరు. వాడువారు పెరిగినగాని పరీక్షించువారు పెరుగరు.

ఈ గ్రంథాలయపు ఇరువదియైదేండ్ల వ్రాతలు ఏ యంత్రమున, ఏ అక్షరములలో నున్నవో కార్యవర్గమువారిని అడిగితిని. పుస్తకముల పట్టిక, వార్షిక నివేదికలు, పట్టపు పెద్దలు చెప్పగా పిల్లలు వ్రాసికొన్న వలల పేర్లు, చేపల పేర్లు, గాలుల పేర్లు — ఇవన్నియు పాత ఫాంటులలోనే సీడీలపై నున్నవట. కొన్ని ఫ్లాపీలపై నున్నవట. ఆ పేర్లు చెప్పినవారిలో కొందరు నేడు లేరు. పుస్తకమునకు చెద పట్టిన చిల్లు కనబడును. సీడీకి పట్టిన చెద తెరచి చూచువరకు తెలియదు.

కాబట్టి కార్యవర్గమువారికి నా మనవి ఇది. కొనబోవునది విప్పదగిన పెద్దపెట్టె కావలెను, దానికొక యు.పి.ఎస్. కావలెను. ఇప్పుడున్న పాతయంత్రమును పారవేయకుడు. 2025 అక్టోబరు 14తో విండోస్ 10నకు మైక్రోసాఫ్ట్ సాధారణ రక్షణ సవరణలు ముగిసినవి. అట్టి యంత్రములు పెక్కు విండోస్ 11నకు అర్హములు కావు. లినక్సు ఎక్కించినచో అవి ఇంకను కొన్నియేండ్లు పిల్లలకు పనికివచ్చును. నేర్పుటకు ఊర ఇద్దరైనను సిద్ధపడినగాని ఆ పనికి పూనుకొనకుడు. కారణము ఇంతకుముందే చెప్పితిని. ఏ యంత్రము కొన్నను, ఈ నాటి నుండి ప్రతి తెలుగు వ్రాతయు యూనికోడ్‌లోనే యుండవలెనని తీర్మానింపుడు. ఒక ప్రతి ఇచ్చట, ఒక ప్రతి తుపాను అందని ఊర నుండవలెను.

పాత ఫాంటుల వ్రాతను యూనికోడునకు మార్చు సాధనములు కలవు. అవి వత్తుల దగ్గర పొరబడును. పక్కన కూర్చుండి దిద్దు మనిషి కావలెను. గాలుల పేర్లను దిద్దుటకు కంప్యూటరు తెలిసినవాడు చాలడు, సముద్రము తెలిసినవాడు కావలెను. ఎవరి యింటనైన గ్రంథాలయపు ఫ్లాపీలు, సీడీలు ఉండిన ఈ నెలాఖరులోగా కార్యదర్శిగారికి అందజేయుడు. ఫ్లాపీలను చదువు పెట్టె ఒకటి నా యొద్ద పనిచేయు స్థితిలో నున్నది. దానిని ఆదివారములలో ఇచ్చటికి తెచ్చెదను.